దుకాణం కెమెరా కాపలా కాయాలంటే



2019 అక్టోబరు 2, గాంధీ జయంతి. ఆ తెల్లవారుజామున తమిళనాడులోని తిరుచిరాపల్లిలో, ఛత్రం బస్టాండు దగ్గరున్న లలితా జ్యువెలరీ దుకాణం వెనక గోడకు ఇద్దరు దొంగలు కన్నం వేసి లోపలికి దూరారు. మొహాలకు జంతువుల బొమ్మల మాస్కులు పెట్టుకున్నారు. దుకాణమంతా తీరిగ్గా తిరిగి అద్దాల అరల్లోని నగలు సంచుల్లో నింపుకున్నారు. పోలీసు కుక్కలు వాసన పట్టకుండా కారప్పొడి చల్లి మరీ పోయారు. పోయిన సొత్తు విలువ సుమారు 13 కోట్ల రూపాయలు. డబ్బులు ఎవరికీ ఊరికే రావంటూ టీవీ ప్రకటనల్లో ప్రతి తెలుగింటికీ పరిచయమైన నెల్లూరు వ్యాపారి కిరణ్ కుమార్‌దే ఆ దుకాణం.

అక్కడ కెమెరాలు ఉన్నాయి, పనిచేస్తున్నాయి కూడా. ముందువైపు కాపలావాళ్లూ ఉన్నారు. దొంగలు అటూ ఇటూ తిరగడం, సంచులు నింపుకోవడం అంతా రికార్డయింది. కానీ పొద్దున్న సిబ్బంది వచ్చి తాళాలు తీసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ తరవాత కేసును ముందుకు కదిపింది మొహాలు కనబడని ఆ ఫుటేజీ కాదు, తిరువారూరులో పోలీసులు రాత్రిపూట చేసిన వాహన తనిఖీ.

రెండేళ్లకు, 2021 డిసెంబరులో, మన చిత్తూరు జిల్లాకు పొరుగునే ఉన్న వెల్లూరులో ఇంచుమించు అదే జరిగింది. అక్కడా పెద్ద నగల దుకాణమే, అక్కడా వెనక గోడకు కన్నమే. లోపలికొచ్చిన మనిషి సింహం మాస్కు పెట్టుకుని, కెమెరాల మీద రంగు స్ప్రే చేశాడు. 15 కిలోలకు పైగా బంగారం పోయింది. పోలీసులు కష్టపడి పట్టుకుని, శ్మశానంలో పాతిపెట్టిన సొత్తును తవ్వి తీశారు. ఒక కెమెరా మీద రంగు పడి బొమ్మ ఉన్నట్టుండి నల్లబడటమే పెద్ద ప్రమాద సూచన. ఆ సూచన ఆ నిమిషంలోనే ఎవరో ఒకరి ఫోన్‌లో మోగి ఉంటే కథ వేరుగా ఉండేది.

సీసీ కెమెరాలను నెట్‌వర్క్‌కు కలపడం అనే మాట ఇక్కడి నుంచే మొదలవ్వాలి. మన ఊళ్లలో చాలా దుకాణాల్లో కెమెరా అంటే జరిగిపోయినదాన్ని మర్నాడు చూసుకునే సాధనం. నెట్‌వర్క్ వల్ల వచ్చే అసలు మేలు బొమ్మ స్పష్టంగా ఉండటం ఒక్కటే కాదు. జరుగుతున్నది జరుగుతుండగానే మనిషికి చేరడం. ఆ రెండోది జరగకపోతే, లక్షలు పోసి కెమెరాలు మార్చినా దుకాణానికి ఒరిగేది తక్కువే.

పాత పద్ధతిలో ప్రతి కెమెరా నుంచీ ఒక లావుపాటి కేబులు డీవీఆర్ అనే రికార్డింగు పెట్టె దాకా వస్తుంది. పెట్టె లోపలికి వచ్చాకే బొమ్మ డిజిటల్ అవుతుంది. నెట్‌వర్క్ కెమెరాలో అలా కాదు. కెమెరాలోనే చిన్న కంప్యూటరు ఉంటుంది. బొమ్మను అక్కడే కుదించి, అందులో ఏం జరుగుతోందో కొంతవరకు అక్కడే గమనించి, కంప్యూటర్లకు వాడే లాన్ కేబులు మీద పంపిస్తుంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో యాక్సిస్ అనే సంస్థ 1996లో ఇలాంటి మొట్టమొదటి కెమెరాను అమ్మకానికి తెచ్చింది. పూర్తి సైజు బొమ్మ ఒక్కటి పంపడానికి దానికి 17 సెకన్లు పట్టేది. ఆ వేగంతో గల్లా పెట్టె దగ్గర చేతివాటం పట్టుకోవడం కుదరని పని. ఇవాళ మామూలు కెమెరా కూడా సెకనుకు 25 బొమ్మలు పంపుతోంది.

2003లో వచ్చిన ఇంకో ప్రమాణం దుకాణదారుల పని బాగా తేలిక చేసింది. దాన్ని పీఓఈ అంటారు. బొమ్మను మోసే కేబులే కెమెరాకు కరెంటునూ మోస్తుంది. ప్రతి కెమెరా పక్కనా ప్లగ్గు, అడాప్టరు అక్కర్లేదు. ఆ కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కు ఒక్క యూపీఎస్ పెడితే కరెంటు పోయినా అన్ని కెమెరాలూ మెలకువగానే ఉంటాయి. ఒక్క లాన్ కేబులు 100 మీటర్లకు మించి పోకూడదన్న హద్దు మాత్రం ఉంది. పెద్ద గోడౌన్ ఉన్నవాళ్లు మధ్యలో ఇంకో స్విచ్ పెట్టుకోవాలి.

పాతవన్నీ పీకి పారేయాలా అని అడిగే దుకాణదారులకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. పాత కెమెరాలనూ కొత్త కెమెరాలనూ కలిపి తీసుకునే రికార్డర్లు మార్కెట్లో దొరుకుతున్నాయి. ఒక కంపెనీ కెమెరా ఇంకో కంపెనీ రికార్డరుతో మాట్లాడేందుకు యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో ఆన్‌విఫ్ అనే వేదిక పెట్టి ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. కొనేటప్పుడు ఆన్‌విఫ్ ఉందో లేదో అడిగితే, రేపు ఒకే కంపెనీ గుప్పిట్లో చిక్కుకోవాల్సిన అవసరం రాదు. ముందు గుమ్మం, గల్లా, వెనక గోడ, స్టాకు గది కెమెరాలు మార్చి, మిగతావి నిదానంగా మార్చుకోవచ్చు.

ఎన్ని కెమెరాలు పెట్టాలన్న ప్రశ్న కన్నా, ఏ కెమెరా ఏం చూడాలన్న ప్రశ్న ముందు రావాలి. చిన్న లెక్క చూద్దాం. పాత అనలాగ్ కెమెరా బొమ్మకు అడ్డంగా సుమారు 700 పిక్సెళ్లు ఉంటాయి. దాన్ని 14 మీటర్ల వెడల్పు హాలంతా కనబడేలా మూలన బిగిస్తే మీటరుకు 50 పిక్సెళ్లే దక్కుతాయి. ఎవరో మనిషి తిరుగుతున్నాడని తెలుస్తుంది, ఆ మనిషి ఎవరో తెలియదు. కొత్త మనిషిని అనుమానానికి తావు లేకుండా పోల్చుకోవాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణంలో అందరూ పాటిస్తూ వచ్చిన లెక్క. అడ్డంగా 1,920 పిక్సెళ్లుండే హెచ్‌డీ కెమెరా అయినా ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే ఆ లెక్కకు తూగుతుంది. పోలీసు స్టేషన్లలో ఫుటేజీని ఎంత పెద్దది చేసి చూసినా మొహం ముద్దగా కనబడటానికి కారణం ఇదే. రికార్డు కాని పిక్సెళ్లను ఏ కంప్యూటరూ నిజాయతీగా తెచ్చి ఇవ్వలేదు.

అందుకే గుమ్మం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. అందరూ దాటి తీరాల్సిన చోటు అదే, వెడల్పు తక్కువ, కాబట్టి ఒక్క మంచి కెమెరా చాలు. కానీ చాలా దుకాణాల్లో దాన్ని సీలింగుకు అంటించినట్టు బిగిస్తారు. వచ్చేవాళ్ల నడినెత్తి, టోపీ కనబడతాయి తప్ప మొహం కనబడదు. ఇంకో ఇబ్బంది, గాజు తలుపు వెనక నుంచి ఎండ కొడుతుంటే మనిషి నల్లటి నీడలా పడతాడు. వెలుతురు తేడాను సర్దుకునే డబ్ల్యూడీఆర్ సౌకర్యం ఉన్న కెమెరాను తలకన్నా కాస్త ఎత్తులో, మొహానికి ఎదురుగా పెట్టాలి. బిగించిన రోజే మధ్యాహ్నం ఒకసారి, దీపాలు వేశాక ఒకసారి ఒక మనిషిని నడిపించి ఫుటేజీ వెనక్కి తిప్పి చూసుకోవాలి. అరగంట పని అది. ఆ అరగంట తీసుకోకుండా బిల్లు కట్టేయకూడదు.

ఇక హార్డ్‌డిస్క్ సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చే దుకాణాలూ సంస్థలూ సీసీ కెమెరాలు పెట్టాలనీ, ఫుటేజీ 30 రోజులు దాచాలనీ చెప్పింది. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుతుంటే రోజుకు 43 గిగాబైట్లు, నెలకు దాదాపు 1.3 టెరాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు పది టెరాబైట్లు దాటుతుంది. ఒకటి రెండు టెరాబైట్ల డిస్కు పెట్టి నెల రోజులు వస్తుందని చెప్పేవాళ్లు బొమ్మ నాణ్యతను తగ్గించేసి ఉంటారు, లేదా వారం తిరక్కుండానే పాతది చెరిగిపోతూ ఉంటుంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతి వాడితే ఇదే నాణ్యతకు దాదాపు సగం చోటు సరిపోతుంది.

పోతూ పోతూ డీవీఆర్ కూడా ఎత్తుకెళ్లారన్న వాక్యం తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో. గల్లా కిందో మేనేజరు బల్ల మీదో ఆ పెట్టె ఉంటే దొంగ మొదట చేసే పని అదే. నెట్‌వర్క్ దీనికి మందు ఇస్తుంది. రికార్డరు ఎక్కడుండాలన్న నియమం ఉండదు కాబట్టి పై అంతస్తులో తాళం వేసిన గదిలో పెట్టవచ్చు. కెమెరాలోనే చిన్న మెమరీ కార్డు పెట్టవచ్చు. ముఖ్యమైన తునకలు బయట సర్వరుకు పంపవచ్చు. అన్నీ పంపడం మాత్రం కుదరదు. 16 కెమెరాల బొమ్మలు పూర్తి నాణ్యతతో ఎల్లవేళలా పంపాలంటే అప్‌లోడ్ వేగం సెకనుకు 64 మెగాబిట్లు కావాలి, చాలా చిన్న పట్టణాల్లో అది నిలకడగా దొరకదు. షట్టరు దించాక ఏదైనా కదిలితే ఆ ఒక్క నిమిషం బొమ్మ పంపితే చాలు.

కదిలితే అన్న చోట ఇంకో తలనొప్పి ఉంది. రాత్రిపూట కెమెరా తన సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చూస్తుంది. అద్దం ముందు సాలీడు గూడు అల్లిందంటే, ఆ వెలుగులో ఒక్కో దారం తెల్లగా మెరుస్తుంది. గాలికి గూడు ఊగినప్పుడల్లా ఫోన్ మోగుతుంది. బల్లి పాకినా అంతే. ఒక వారం ఇలా నిద్ర చెడ్డాక యజమాని ఆ అలర్టులను ఆపేస్తాడు. అసలు దొంగ వచ్చిన రోజున ఫోన్ మౌనంగా ఉంటుంది. కాబట్టి ఏ కదలికకైనా మోగే కెమెరా కాక, మనిషి ఆకారాన్ని వేరు చేయగల కెమెరా తీసుకోవాలి. నెలకోసారి అద్దాలు తుడిపించాలి. వెనక గోడకూ షట్టరుకూ కంపనాన్ని పసిగట్టే సెన్సార్లు పెట్టి వాటినీ ఈ నెట్‌వర్క్‌కే కలపాలి. తిరుచిరాపల్లిలోనూ వెల్లూరులోనూ దొంగలు వచ్చింది గోడ తొలిచే కదా. ఆ డ్రిల్లు కంపనం మనిషి లోపల అడుగు పెట్టక ముందే పట్టుబడుతుంది.

మోగాక ఎవరు లేవాలి? ఇది కొందరికి చిన్న విషయంలా తోస్తుంది. యజమాని ఊళ్లో లేకపోతే మేనేజరు, అతను ఎత్తకపోతే దగ్గర్లో ఉన్న సిబ్బంది ఒకరు, ఆ వెంటనే 112 నంబరు. ఈ వరస కాగితం మీద రాసి ఉండాలి. ఎరిక్ పీజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్, అమాండా థామస్ అనే పరిశోధకులు సీసీ కెమెరాల మీద 40 ఏళ్లలో జరిగిన అధ్యయనాలను కూడగట్టి 2019లో ఫలితం ప్రకటించారు. కెమెరాలు పెట్టిన చోట్ల నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. అయితే మనిషి ఎప్పటికప్పుడు చూస్తూ స్పందించే చోటనే ఫలితం గట్టిగా కనిపించింది. ఊరికే రికార్డు చేసి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ తేడా లేదు. వెలుతురు పెంచడం, కాపలా మనుషులను పెట్టడం లాంటివి తోడైన చోట మేలు ఇంకా పెరిగింది.

పగటి వేళ నష్టం వేరు. కన్నాలూ మాస్కులూ వార్తలకెక్కుతాయి కానీ, రోజూ దుకాణాన్ని కొరికేది స్టాకులో తరుగు. అమెరికా చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య 2022కు వేసిన లెక్క ప్రకారం అమ్మకాల్లో సగటున 1.6 శాతం ఇలా తరిగిపోయింది. ఆ తరుగులో బయటివాళ్ల దొంగతనం 36 శాతం, లోపలివాళ్ల దొంగతనం 29 శాతం, లెక్కల తప్పులూ పద్ధతుల లోపాలూ 27 శాతం. నాలుగో వంతుకు పైగా నష్టానికి దొంగ అంటూ ఎవరూ లేరన్నమాట. ఇదే సమాఖ్య అంతకు ముందటి లెక్కల్లోని తరుగులో సగం దాకా ముఠా దొంగతనాల వల్లేనని ఒక నివేదికలో రాసి, అది నిలబడదని తేలాక 2023 డిసెంబరులో ఆ మాట వెనక్కి తీసుకుంది. దొంగల భయం చూపించి కెమెరాలు అమ్మేవాళ్ల మాటను ముందు సొంత స్టాకు పుస్తకంతో సరిచూసుకోవాలి.

తరుగు ఎక్కడ జరుగుతోందో కనిపెట్టడంలో నెట్‌వర్క్ కెమెరా నిజంగా అక్కరకు వస్తుంది. బిల్లింగ్ మెషీనును కెమెరాతో కలిపితే, ప్రతి బిల్లు వరుసా ఆ క్షణపు బొమ్మ పక్కనే కనబడుతుంది. రద్దయిన బిల్లులు, వాపసు ఇచ్చిన డబ్బు, కొనేవాళ్లు ఎదురుగా లేకుండా తెరుచుకున్న గల్లా, వీటిని మాత్రం ఏరి చూసుకోవచ్చు. పది గంటల ఫుటేజీ పది నిమిషాల పని అవుతుంది. చాలాసార్లు తేలేది దొంగతనం కాదు. రెండు రకాల బియ్యం సంచులకు ఒకే బార్‌కోడ్ పడటమో, కొత్తగా చేరిన అమ్మాయికి ఆఫర్ ధర ఎలా కొట్టాలో ఎవరూ నేర్పకపోవడమో బయటపడుతుంది. ఆమె మీద పడబోయే నిందను ఆ ఫుటేజీయే తప్పిస్తుంది.

దొంగ దొరికాక కోర్టు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఫుటేజీ నకలును సాక్ష్యంగా ఇవ్వాలంటే రెండు భాగాల ధ్రువపత్రం జతచేయాలి. ఆ యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఒక భాగం, నిపుణుడు ఇంకో భాగం నింపాలి. ఫైలు మార్చలేదని చూపే హ్యాష్ విలువ అందులో రాయాలి. వాట్సాప్‌లో తిరిగిన తునకకు ఆ బలం ఉండదు. ఇక్కడ పనిని పాడుచేసేది తరచుగా గడియారం. డీవీఆర్‌లో టైము 20 నిమిషాలు ముందో వెనకో ఉంటే, పక్క దుకాణం కెమెరాతో పొంతన కుదరదు. బిల్లుతో పొంతన కుదరదు. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. నెట్‌వర్క్ రికార్డరు ఇంటర్నెట్ నుంచి టైము తానే సరిచూసుకుంటుంది. ఆ ఒక్క సెట్టింగు ఆన్ చేసి ఉంచాలి.

ఈ టైము పొంతన ఒక్క దుకాణంతో ఆగేది కాదు. హైదరాబాద్‌లో పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలనూ వర్తకులనూ కలుపుకుని వీధుల్లో కెమెరాలు పెట్టించారు. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటరు నగరం నలుమూలల బొమ్మలనూ ఒకచోటికి తెచ్చింది. ఒక దొంగ బండి ఎటు పోయిందో తెలుసుకోవాలంటే పది దుకాణాల కెమెరాలు ఒకే టైము చెప్పాలి.

ఇప్పుడు కష్టమైన మాట. నెట్‌వర్క్ దుకాణానికి ఇంకో తలుపు. దానికి తాళం వేయకపోతే దొంగ గోడ తొలవక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ లోకమంతటా ఉన్న కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల్లో వశం చేసుకుంది. దాని చేతిలో ఉన్నది కంపెనీలు పెట్టి పంపే 60కి పైగా మామూలు యూజర్ నేములు, పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. ఆ యంత్రాల దండుతో అక్టోబరు 21న దాడి జరిగినప్పుడు అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. అంత దూరం ఎందుకు, 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి మహిళల వీడియోలు బయటికి పోయి టెలిగ్రామ్‌లో అమ్ముడయ్యాయి. గుజరాత్ పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్‌కు తలుపు తీసి, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరా ఎవరికి చేటు తెస్తుందో ఆ ఆడవాళ్లను తలచుకుంటే చాలు.

మన ప్రభుత్వం ఈ విషయంలో గట్టి అడుగే వేసింది. 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం దేశంలో అమ్మే సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు దాటి ఉండాలి. కొనేటప్పుడు ఆ మోడలుకు ధ్రువీకరణ ఉందా అని అడగడం కొనేవాళ్ల హక్కు. ఆ పైన చేయాల్సినవి దుకాణం చేతిలోనే ఉన్నాయి. బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి. కస్టమర్లకు ఇచ్చే వైఫై, కెమెరాల నెట్‌వర్క్ వేరువేరుగా ఉండాలి. పని మానేసిన మేనేజరు ఫోన్‌లో యాప్ ఇంకా తెరుచుకుంటుందేమో చూడాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వేయడం వార్షిక నిర్వహణ ఒప్పందంలో రాయించుకోవాలి.

కెమెరా చూడకూడని చోట్లూ ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో గోవాలోని కాండోలిమ్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్లిన అప్పటి కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ, ట్రయల్ రూము వైపు తిరిగి ఉన్న కెమెరాను గుర్తించి ఫిర్యాదు చేశారు. ట్రయల్ రూములు, టాయిలెట్లు, సిబ్బంది బట్టలు మార్చుకునే గది, వీటి తలుపుల వైపు కూడా కెమెరా తిరగకూడదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద ఇలా మహిళలను చూడటం, చిత్రీకరించడం జైలుకు పంపే నేరం.

మొహాన్ని గుర్తుపట్టి పాత దొంగ వచ్చాడని చెప్పే సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. అమెరికాలో రైట్ ఎయిడ్ అనే మందుల దుకాణాల సంస్థ 2012 నుంచి 2020 వరకు వందలాది దుకాణాల్లో దీన్ని వాడింది. తప్పుగా పోల్చడం వల్ల ఏ పాపం ఎరుగని కస్టమర్లను సిబ్బంది ఆపారు, వెంబడించారు, అందరిలో నిందించారు. 11 ఏళ్ల పిల్లను కూడా ఆపి తనిఖీ చేశారు. 2023 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ ఐదేళ్ల పాటు ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడకుండా నిషేధించింది. మన దగ్గర ఇది కొనే ముందు వర్తకులు పదిసార్లు ఆలోచించాలి. అదే వీధిలో తరతరాలుగా వ్యాపారం చేసేవాళ్లకు, ఒక్క అమాయకుడిని దొంగ అని నిలబెట్టిన మచ్చ ఏ డిస్కౌంటుతోనూ పోదు.

ఈ మాటలు వింటున్న వర్తక సోదరులకూ, దుకాణాలు నడిపే అక్కచెల్లెళ్లకూ ఒక విన్నపం. కొత్త కెమెరాల కొటేషను తెప్పించే ముందు, రేపు పొద్దున షట్టరు ఎత్తగానే ఉన్న రికార్డరు ముందు కూర్చోండి. అందులోని టైమును మీ ఫోన్ టైముతో పోల్చండి. 30 రోజుల కిందటి ఫుటేజీ దొరుకుతుందో లేదో చూడండి. నిన్న సాయంత్రం గుమ్మంలోంచి వచ్చిన ఒక మనిషి మొహం పోల్చుకోగలరేమో చూడండి. పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారో మీ సిబ్బందిని అడగండి. అక్కడ తేలిన లోపాలను కాగితం మీద రాసి, కెమెరాలు బిగించేవాళ్లకు ముందు ఆ కాగితం ఇవ్వండి.